ఎలుకను చంపకుండా ఇల్లు ఖాళీ చేయించడం ఎలా?

వానలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇదే గోల. ఖాళీ ప్లాట్లలో, నాలాల పక్కన ఉన్న బొరియల్లోకి నీళ్లు చేరగానే ఎలుకలు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. పక్కన పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కోసం పునాది తవ్వుతుంటే ఇక ఏ కాలమైనా ఒకటే. అక్కడున్న ఎలుకలన్నీ చుట్టుపక్కల ఇళ్లకు చేరతాయి. అటక మీద గీరుతున్న చప్పుడు వినగానే చాలామంది కిరాణా షాపుకెళ్లి గమ్ ప్యాడో, మందు బిళ్లో తెచ్చేస్తారు. ఆ రెండూ తేకుండా ఈ పని పూర్తిచేయొచ్చు. కాస్త ఓపిక, కొంచెం సిమెంటు, ఒక మంచి బోను ఉంటే చాలు.

చంపితే ఆ ఒక్క ఎలుక పోతుంది కానీ, అది వచ్చిన దారి అలాగే ఉంటుంది. ఆ దారినే ఇంకోటి వస్తుంది. చిట్టెలుక కడుపుతో ఉండేది 19 నుంచి 21 రోజులే, పుట్టిన పిల్ల ఆరు వారాల్లో పిల్లలు పెట్టే వయసుకు వస్తుంది. కాబట్టి చంపడంలో వాటితో పోటీపడలేం. దారి మూసేస్తే మాత్రం ఆగుతాయి. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పకూడదు. లోపల ఎలుక ఉండగానే కన్నాలన్నీ మూసేస్తే అది గోడ సందులో ఆకలితో చస్తుంది, మీకు వారం రోజులు కంపు మిగులుతుంది. కన్నాలు తెరిచి ఉంచి బోను పెడితే, పట్టి వదిలిన ఎలుకే రాత్రికి మళ్లీ వస్తుంది.

గమ్ ప్యాడ్, మందు ఎందుకు వద్దంటే

గమ్ ప్యాడ్ మీద ఇరుక్కున్న ఎలుక వెంటనే చావదు. విడిపించుకోవాలని గింజుకుంటూ వెంట్రుకలు, చర్మం ఊడగొట్టుకుంటుంది, ఒక్కోసారి తన కాలినే కొరుక్కుంటుంది. గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి దాహంతో, ఊపిరాడక చస్తుంది. చాలామంది దాన్ని బతికుండగానే మడిచి చెత్తబుట్టలో వేస్తారు. ఇది నేను ఏ విధంగానూ ఒప్పుకోలేని పని. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం (1960)లోని 11వ సెక్షన్ ప్రకారం జంతువుకు అనవసరమైన బాధ కలిగించడం నేరం. గమ్ ప్యాడ్లు వాడొద్దని భారత జంతు సంక్షేమ మండలి కూడా రాష్ట్రాలకు సూచించింది.

మందు సంగతి ఇంకా ప్రమాదం. షాపుల్లో దొరికే బిళ్లల్లో ఎక్కువగా ఉండే బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక కొన్ని రోజులపాటు లోపల్లోపల రక్తం కారి చస్తుంది. అలా నీరసించిన ఎలుకను పట్టి తిన్న పిల్లికి, గుడ్లగూబకు కూడా విషం ఎక్కుతుంది. అంటే ఎలుకలను ఉచితంగా అదుపులో ఉంచే జీవులను మనమే చంపుకుంటున్నాం. ట్యూబుల్లో వచ్చే పేస్టు మందుల్లో పసుపు భాస్వరం ఉంటుంది. బ్రోమాడియోలోన్‌కు విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది, పసుపు భాస్వరానికి విరుగుడే లేదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో బ్రెడ్డు ముక్క మీద ఆ పేస్టు రాసి స్టవ్ కింద పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇప్పటికే ఎవరో పెట్టిన ప్యాడ్ మీద ఎలుక అతుక్కుని కనిపిస్తే ఇలా చేయండి. మందపాటి గ్లవ్స్ వేసుకుని, ఖాళీగా ఉన్న జిగురు మీద పాత పేపరు పరచండి, మళ్లీ అంటుకోకుండా ఉంటుంది. తర్వాత ఎలుక కాళ్ల చుట్టూ వంటనూనె కొద్దికొద్దిగా పోస్తూ ఉంటే జిగురు వదులవుతుంది. నూనె ముక్కులోకి పోకుండా చూసుకోండి, లాగకండి. ఊడిరాగానే డబ్బాలో గుడ్డ వేసి కాసేపు చీకట్లో ఉంచండి, తేరుకున్నాక వదలొచ్చు.

ముందు ఎవరొచ్చారో చూసుకోండి

పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. జీలకర్ర గింజంత, కొసలు మొనదేలి ఉంటే చిట్టెలుక. సెంటీమీటరు దాటి, లావుగా ఉంటే పెద్ద ఎలుక. నేల తవ్వి మట్టి కుప్ప పోస్తుంటే పందికొక్కు. ఇండిపెండెంట్ ఇళ్లలో సంపు పక్కన, గేటు దగ్గర బొరియలు దీనివే, ఇంట్లోకి రావడం తక్కువ. ఈ వ్యాసంలో చెప్పేది ముఖ్యంగా చిట్టెలుక గురించి. పెద్ద ఎలుకకూ పద్ధతి ఇదే, బోను సైజు మారుతుంది. పైగా పెద్ద ఎలుక కొత్త వస్తువును అనుమానిస్తుంది. దానికి బోను తలుపు పడకుండా కట్టేసి మూడు నాలుగు రోజులు ఊరికే తిండి పెట్టి అలవాటు చేయాలి.

ఇంకొకటుంది, చాలామంది దాన్ని ఎలుకే అనుకుని కొట్టి చంపుతారు. పొడవాటి మూతి, కనిపించీ కనిపించని కళ్లు, కిచకిచమంటూ గోడ వెంట పరుగు, దగ్గరికెళ్తే ఘాటైన వాసన. అది చుంచు. ఎలుక జాతిదే కాదు. మన బట్టలు, వైర్లు కొరకదు, దాని తిండి బొద్దింకలు, పురుగులు. దయచేసి దాన్ని ఏమీ చేయకండి. సాయంత్రం వెనక తలుపు తీసి, చీపురు అడ్డంపెట్టి గోడ వెంట దారి చూపిస్తే అదే వెళ్లిపోతుంది.

దారి వెతకండి

చిట్టెలుక గూటి నుంచి ఎక్కువ దూరం తిరగదు, సాధారణంగా పది మీటర్ల లోపే. వంటగదిలో పెంటికలు కనిపిస్తే గూడు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పడుకునే ముందు గోడల అంచుల వెంట, సింకు కింద, ఫ్రిజ్ వెనక పలచగా గోధుమపిండి గానీ పౌడరు గానీ చల్లండి. పొద్దున అడుగుల గుర్తులు ఎటు నుంచి ఎటు వెళ్లాయో స్పష్టంగా తెలుస్తుంది. రోజూ ఒకే దారిన నడవడం వల్ల గోడ మీద నల్లటి జిడ్డు గీత కూడా పడుతుంది.

పగటిపూట ఇంకో పరీక్ష. గదిలో లైట్లు ఆర్పి, కర్టెన్లు వేసి, నేల దగ్గర కూర్చుని చూడండి. బయటి వెలుతురు లోపలికి వచ్చే ప్రతి సందూ అనుమానించాల్సిందే. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పిల్లల పెన్సిల్ దూరే కన్నంలో అది కూడా దూరుతుంది. తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే.

మన ఫ్లాట్లలో ఎక్కువగా దొరికే దారులు ఇవి: బాల్కనీలో సిలిండర్ పెట్టి లోపలికి గ్యాస్ ట్యూబు తెచ్చిన కన్నం, సింకు కింద నీళ్ల పైపు గోడలోకి వెళ్లే చోటు, ఏసీ రాగి పైపుల కోసం కొట్టిన రంధ్రం, చిమ్నీ గొట్టం చుట్టూ ఖాళీ, వాష్ ఏరియాలో వాషింగ్ మెషీన్ పైపు పెట్టిన నాని ట్రాప్, అంటే నేల మీద నీళ్లు పోయే కన్నం (జాలి తీసేసి అలాగే వదిలేస్తారు), మూల చిరిగిన దోమల మెష్. వీటన్నిటికంటే పెద్ద దారి మెయిన్ డోర్ కింద సందు. పాత బస్తీలో, చిక్కడపల్లి, నల్లకుంట వైపు పాత ఇళ్లలో అయితే చెక్క దూలం గోడలో దిగే చోటు, రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ కూడా చూడాలి. కనిపించిన ప్రతి కన్నం పక్కన చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడే మూయొద్దు.

పిల్లలున్నాయేమో చూడండి

ఈ మెట్టు దాటేసి ముందుకు పోవద్దు. చించిన పేపరు, దూది, గుడ్డ పీలికలు గుండ్రంగా పేర్చి ఉంటే అది గూడు. అటక మీద పాత బొంతల్లో, సంక్రాంతి బొమ్మల పెట్టెలో, పాత పేపర్ల కట్ట వెనక, వాడని సూట్‌కేసులో ఎక్కువగా కనిపిస్తుంది. లోపల వెంట్రుకలు లేని ఎర్రటి పిల్లలుంటే వాటికి ఇంకా కళ్లు తెరుచుకోలేదన్నమాట. కళ్లు తెరవడానికి రెండు వారాలు, పాలు మానడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. ఈలోపు తల్లిని పట్టుకెళ్లి వదిలేస్తే పిల్లలన్నీ ఆకలితో చస్తాయి.

గూడు కనిపిస్తే ముట్టుకోకుండా చుట్టుపక్కల సామాను మాత్రం తీసేయండి. అటక మీద రెండు మూడు రోజులు లైటు వేసి ఉంచండి, పగలు కాస్త చప్పుడు చేయండి. చాలాసార్లు తల్లే ఒక్కో పిల్లను నోట కరుచుకుని వేరేచోటికి తీసుకెళ్తుంది, బయటికి దారి తెరిచే ఉంచాం కాబట్టి అటే వెళ్లే అవకాశముంది. కదలకపోతే మూడు వారాలు ఆగడమే సరైన పని అని నా అభిప్రాయం. అప్పటిదాకా ఎదురుచూడటం కష్టమే. కానీ ఆ మూడు వారాలూ మిగతా పనులు చేసుకోవచ్చు.

తిండి దొరక్కుండా చేయండి

చిట్టెలుక రోజుకు తినేది మూడు గ్రాములు. స్టవ్ కింద రాలిన పోపు గింజలతో దాని పూట గడిచిపోతుంది. అందుకే పైపైన తుడిస్తే లాభం లేదు.

పాతిక కిలోల బియ్యం బస్తా కింద పెట్టి మూతి ముడేసే ఇళ్లే మనలో ఎక్కువ. ఆ బియ్యం మూత గట్టిగా పట్టే స్టీలు డ్రమ్ములోకి మార్చండి. పల్లీలు, పుట్నాలు, పప్పులు ప్యాకెట్లలో, పలచటి ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచితే కొరికేస్తుంది. స్టీలు డబ్బాలు, గాజు సీసాలు మేలు. రాత్రిపూట ఎంగిలి గిన్నెలు సింకులో వదలొద్దు. తడి చెత్త డబ్బాకు మూత ఉండాలి, వీలైతే పడుకునే ముందే బయటపెట్టండి. కుక్కకు పెట్టిన గిన్నె రాత్రికి తీసేయండి.

రెండు చోట్లు చాలామందికి తట్టవు. ఒకటి బాల్కనీ. మన ఊళ్లో పావురాలకు జొన్నలు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవి తిని వదిలేసిన గింజలు రాత్రికి ఎలుకల భోజనం. ఎలుకల సమస్య ఉన్నన్నాళ్లు ఆ గింజలు మానండి. రెండోది పూజ గది. కొబ్బరి చిప్ప, ప్రసాదం, నూనెలో నానిన వత్తులు, అన్నీ ఎలుకకు ఇష్టమైనవే. వెలుగుతున్న వత్తిని లాక్కెళ్తే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. రాత్రి దీపం కొండెక్కాక కుంది తుడిచి, వత్తుల ప్యాకెట్ డబ్బాలో పెట్టండి.

నీళ్ల విషయానికొస్తే, ఫ్రిజ్ వెనక కింద ఉండే ట్రే ఒకసారి బయటికి లాగి చూడండి. కారే కుళాయి బాగుచేయించండి.

కన్నాలు మూయండి, ఒకటి తప్ప

గుర్తుపెట్టిన కన్నాల్లో బయటికి వెళ్లేవన్నీ ఇప్పుడు మూయాలి. పిండి మీద అడుగులు ఎక్కువగా ఎక్కడ పడ్డాయో ఆ ఒక్కటి మాత్రం వదిలేయండి, లోపల మిగిలిన ఎలుక బయటికి పోవడానికి దారి ఉండాలి.

పేపరు, గుడ్డ, థర్మాకోల్, ఫోమ్ స్ప్రే దేనితో మూసినా కొరికి తీసేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచును కన్నంలో గట్టిగా కుక్కి, దాని మీద ఎమ్‌సీల్ గానీ సిమెంటు గానీ మెత్తితే మాత్రం ఏమీ చేయలేదు. పీచు ఒక్కటే పెడితే లాగేస్తుంది, సిమెంటు ఒక్కటే పెడితే పచ్చిగా ఉండగా తవ్వేస్తుంది, అందుకే రెండూ కలిపి. పెద్ద ఖాళీలకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెనక్కి పావు అంగుళం కంటే చిన్న కన్నాలున్న ఇనుప జాలి కొట్టించండి. రాణిగంజ్, బేగంబజార్ హార్డ్‌వేర్ షాపుల్లో అడుగుల లెక్కన కోసి ఇస్తారు. తలుపు కింద రబ్బరు పట్టీ గానీ బ్రష్ పట్టీ గానీ బిగిస్తే పని సులువు, లోపలివైపు అల్యూమినియం పట్టీ ఉన్నది తీసుకుంటే ఎక్కువకాలం ఆగుతుంది. అద్దె ఇల్లయితే ఓనరును అడిగి చేయించండి. పెద్ద ఖర్చేమీ కాదు, ఇల్లు పాడవకుండా ఆపే పని కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.

బోను పెట్టడం

బజార్లో దొరికే ఇనుప చువ్వల బోను పెద్ద ఎలుకల కోసం చేసింది. చిట్టెలుక లోపలికెళ్లి, తినేసి, చువ్వల మధ్య నుంచి బయటికొస్తుంది. మీకు కావాల్సింది సన్న జాలి బోను, లేకపోతే గాలి కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బా బోను. తలుపు పడేటప్పుడు తోక నలిగేంత గట్టి స్ప్రింగు ఉండకూడదు, షాపులోనే వేలితో నొక్కి చూసుకోండి.

బోను గోడకు ఆనించి, మూతి గోడ వెంట ఉండేలా పెట్టాలి. ఎలుక మీసాలు గోడకు తగులుతూ నడుస్తుంది, గది మధ్యలో పెట్టిన బోను దగ్గరికి రాదు. ఎరగా వేయించిన పల్లీలు దంచి చిటికెడు బెల్లం కలిపి ముద్ద చేయండి. ఎండుకొబ్బరి ముక్క కూడా బాగా పనిచేస్తుంది. ఒక కీరా ముక్క, కొంచెం దూది కూడా లోపల పెట్టండి. రాత్రంతా ఉండాల్సి వస్తే దాహం తీరుతుంది, దాక్కోవడానికి చోటు ఉంటుంది. మూడు నాలుగు బోన్లు ఒకేసారి పెడితే త్వరగా తేలిపోతుంది.

పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి తప్పకుండా చూడాలి. బోను పెట్టి ఊరెళ్లిపోవద్దు. చూడని బోను గమ్ ప్యాడ్ కంటే ఏమంత నయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో బాల్కనీలో, రేకుల షెడ్డులో అసలే పెట్టొద్దు, ఆ వేడికి గంటల్లోనే చనిపోతుంది. ఎలుక పడగానే బోను మీద గుడ్డ కప్పండి, చీకటిగా ఉంటే టెన్షన్ తగ్గి కుదురుగా ఉంటుంది. పొట్ట కింద చనులు స్పష్టంగా కనిపిస్తుంటే అది పాలిచ్చే తల్లి. పట్టిన చోటే వదిలి, ముందు చెప్పినట్టు ఆగండి.

వదలడం

చాలామంది బండి మీద పెట్టుకుని ఊరి బయట వదిలొస్తారు. దాన్ని బతికించామని తృప్తి పడతారు కానీ, తెలియని చోట తిండి ఎక్కడుందో, దాక్కునేది ఎక్కడో తెలియక అది ఎక్కువకాలం బతకదు. మీ ఇంటికి యాభై నుంచి వంద మీటర్ల లోపు, పొదలో, రాళ్ల కుప్ప దగ్గరో, కాంపౌండ్ గోడ వెనక గడ్డిలోనో వదలండి. ఒక్కటి తప్ప కన్నాలన్నీ మూసేశారు కాబట్టి మళ్లీ ఇంట్లోకి రావడం కష్టం. పొద్దున పడితే సాయంత్రం దాకా చల్లని చోట ఉంచి, చీకటి పడుతుండగా వదలాలి. పగలైతే కాకులు పొడుస్తాయి. వేరేవాళ్ల గేటు ముందు, కిరాణా కొట్టు వెనక వదలడం తప్పు. కేబీఆర్ పార్కుకు తీసుకెళ్లడం ఇంకా తప్పు, అది జాతీయ వనం, ఇంటి ఎలుకలను వదిలే చోటు కాదు. బోను నేల మీద పక్కకు పడుకోబెట్టి, తలుపు తీసి వెనక్కి జరగండి. చేత్తో పట్టుకోవద్దు. కరిస్తే సబ్బుతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వరసగా నాలుగైదు రాత్రులు పిండి మీద ఒక్క అడుగు కూడా పడకపోతే, ఎర అలాగే ఉంటే, వదిలేసిన ఆఖరి కన్నం కూడా మూసేయండి.

శుభ్రం చేయడం

పెంటికలను పొడిగా ఊడ్వకూడదు. ఆ దుమ్ము ముక్కులోకి పోతే జబ్బులు వస్తాయి. కిటికీలు అరగంట తెరిచి ఉంచి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లండి. ఐదు నిమిషాలు నానాక పాత పేపరుతో తీసి కవర్లో కట్టి పారేయండి, తర్వాత తడిగుడ్డతో తుడవండి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు వస్తుంది. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ వానాకాలంలో ఎక్కువ. శుభ్రం చేసిన తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఎలుకల సంగతి డాక్టరుకు చెప్పండి.

డబ్బు వృథా చేసే వాటి గురించి ఒక మాట. ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ మెషీన్ల చప్పుడుకు ఎలుకలు కొద్ది రోజుల్లో అలవాటు పడిపోతాయి. పుదీనా నూనె, కర్పూరం వాసన ఉన్నంతసేపే. నాఫ్తలీన్ గోళీలు అయితే చంటిపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు వాటి వల్ల రక్తకణాలు పగిలిపోతాయి.

అపార్ట్‌మెంటులో ఉంటే

మీ ఫ్లాటు ఒక్కటే మూసుకుంటే ఎలుకలు పక్క ఫ్లాటుకు మారతాయి, అంతే. పైపుల షాఫ్టు గ్రౌండ్ ఫ్లోరులో తెరుచుకునే చోట జాలి, చెత్త డబ్బాలకు మూతలు, సెల్లార్లో పాత సామాను ఖాళీ చేయించడం, ఇవి అసోసియేషన్ చేయాల్సిన పనులు. పెస్ట్ కంట్రోల్‌కు ఏటా కాంట్రాక్టు ఇస్తుంటే, గమ్ ప్యాడ్లు, మందు వాడకూడదని, కన్నాలు మూయడమే పనిగా ఉండాలని కాగితం మీద రాయించుకోండి. వీధి చివర చెత్త కుప్ప పేరుకుంటుంటే జీహెచ్ఎంసీ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టండి. బాచుపల్లి, ఆదిభట్ల లాంటి శివార్లలో ఎలుకల వెంట జెర్రిపోతులు కూడా రావచ్చు. పాము కనిపిస్తే కర్ర తీసుకోకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకు ఫోన్ చేయండి.

ఆ తర్వాత నెలకోసారి పిండి చల్లి చూస్తే చాలు. మే నెలాఖరులో, వానలు పడకముందే, తలుపు పట్టీలు, మెష్‌లు ఒకసారి చూసుకోండి. ఏసీ మెకానిక్ గానీ ఇంటర్నెట్ కేబుల్ వేసే అతను గానీ ఇంట్లో కొత్తగా రంధ్రం కొడితే, అతను వెళ్లేలోపే దాని చుట్టూ స్టీలు పీచు కుక్కి ఎమ్‌సీల్ పెట్టించండి.